అనంతపురంలో 14 అంగుళాల ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ఇది చదివి వెళ్లండి

కాలేజీలు తెరిచే టైముకి మన ఊళ్లో ల్యాప్‌టాప్ ఆఫర్లు మొదలవుతాయి. జేఎన్‌టీయూలో సీటొచ్చిన పిల్లలకి కొనే తల్లిదండ్రులు, నాలాగా ఊరంతా తిరిగి అకౌంట్లు రాసేవాళ్లు కాస్త జాగ్రత్త. నేను కొన్నది పేరున్న కంపెనీదే. ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. కాగితం మీద వంక పెట్టడానికి లేదు. సన్నగా, వెండి రంగులో ముచ్చటగా ఉంటుంది. వాడితే తెలిసింది, పైన పటారం లోన లొటారం.

అన్నిటికంటే ముందు కీలు, అంటే మూతనీ కింది భాగాన్నీ కలిపే హింజ్. మూత ఎత్తుతుంటే కుడి మూలలో టక్కుమని చప్పుడు వచ్చేది. పోనుపోను అక్కడ పై ప్లాస్టిక్, కింది ప్లాస్టిక్ విడిపోయి గోరు దూరేంత సందు పడింది. సర్వీస్‌లో విప్పితే అసలు సంగతి బయటపడింది. లోహపు కీలుని పట్టి ఉంచేది ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి నట్లు మాత్రమే. కీలు బిగుసుకుంటే మూత తెరిచినప్పుడల్లా బలమంతా వాటి మీదే పడి, ప్లాస్టిక్ చిట్లి నట్టు ఊడొస్తుంది. మిషన్ మీద ఒక్క గీత లేదు, కిందా పడలేదు. అయినా "ఫిజికల్ డ్యామేజ్ సార్, వారంటీ రాదు" అని తేల్చేశారు. షోరూములో మూతని ఒక మూల పట్టుకుని నెమ్మదిగా ఎత్తి చూడండి. కింది భాగం కూడా లేచొస్తున్నా, మూల వంగుతున్నా వదిలేయండి.

ఆ సర్వీస్ కూడా ఇక్కడ కాదు, బెంగళూరులో. అమ్మేటప్పుడు "ఇంటికొచ్చి చేస్తారు" అన్నారు, వారంటీ కార్డులో మాత్రం క్యారీ-ఇన్ అని ఉంది, అంటే మిషన్‌ని మనమే సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లాలి. డబ్బు కట్టకముందే కంపెనీ టోల్‌ఫ్రీకి మీ పిన్‌కోడ్ చెప్పి అడగండి.

ఇక ఎండ. చాలా ల్యాప్‌టాప్ మాన్యువళ్లలో చుట్టుపక్కల వేడి 35 డిగ్రీల లోపు ఉండాలని రాసుంటుంది. మనకి ఏప్రిల్, మే నెలల్లో 40 దాటుతుంది. ఏసీ షోరూములో ఏ మిషనైనా పరిగెడుతుంది. రేకుల షెడ్డులో కూర్చుని ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్ మూడూ తెరిస్తే ఫ్యాన్ హోరు, కాసేపటికి కర్సర్ ఆగి ఆగి కదలడం. చిప్ 100 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి తనే స్పీడు తగ్గించుకుంటుంది, అది మంచిదే. కానీ వేడి గాలి బయటికి పోయే దారి కీలు కిందే పెట్టి, మూత తెరిస్తే అది సగం మూసుకుపోయేలా చేసినవాళ్లని ఏమనాలి?

ర్యామ్ పెంచుదామంటే బోర్డుకే అతికించేశారు. షోరూములోనే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కండి. ఫారం ఫ్యాక్టర్ దగ్గర 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే ఆ ర్యామ్ తీసి మార్చేది కాదని లెక్క. విడిగా ఖాళీ స్లాట్ ఉందో లేదో కూడా అడగండి. స్క్రీన్ వెలుగు 250 నిట్సే (నిట్స్ అంటే వెలుగుని కొలిచే లెక్క), వరండాలో పెడితే మన తెల్లచొక్కా తప్ప ఏమీ కనపడదు. టైప్-సీ పోర్టు ఉంది, దాంట్లో చార్జింగ్ ఎక్కదు. 14 అంగుళాల వాటిలో దాదాపుగా నంబర్ ప్యాడ్ ఉండదు కాబట్టి, ట్యాలీ వాళ్లు 15.6 చూడటం మేలు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. వస్తువుకి కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, కేసు వేయడానికి గడువు రెండేళ్లు. "వారంటీ రాదు" అన్న మాట నోటితో కాకుండా జాబ్ షీట్ (సర్వీస్ వాళ్లిచ్చే కాగితం) మీద రాయించుకోండి. బిల్లు థర్మల్ కాగితమైతే ఆ రోజే ఫోటో తీసి పెట్టుకోండి, మన ఎండలకి అక్షరాలు చెరిగిపోతాయి.