హిమాలయన్ నాది, డొమినార్ బావమరిదిది: నాలుగేళ్ల తర్వాత లెక్క

2021 నవంబర్‌లో నా ముందు రెండు పాత మోటార్‌సైకిళ్ళు ఉన్నాయి. ఒకటి కూకట్‌పల్లిలో, 2018 చివర్లో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411, ఏబీఎస్ (గట్టిగా బ్రేకేసినా చక్రం బిగుసుకోనివ్వనిది) ఉన్నది, 23 వేల కిలోమీటర్లు తిరిగింది, లక్షా 45 వేలు అడిగాడు. రెండోది విజయవాడలో, అదీ 2018దే, బజాజ్ డొమినార్ 400, 19 వేలు తిరిగింది, లక్షా 10 వేలకి ఇస్తానన్నాడు. నా దగ్గర లక్షన్నర ఉంది. బండి కోసం ఈఎంఐ పెట్టేది లేదని ఇంట్లో ముందే ఒప్పందం, కాబట్టి కొత్త బండి అనే మాటే లేదు.

చివరికి హిమాలయన్ నేను తీసుకున్నా. డొమినార్‌ని గుంటూరులో ఉండే మా బావమరిది కొనేశాడు, అదీ నేను వద్దనుకున్న వారంలోపే. దాంతో నాలుగేళ్లుగా రెండిటి మీదా తిరిగే అవకాశం దొరికింది. నాది ఇప్పుడు 68 వేలు దాటింది, వాడిది 60కి దగ్గర పడింది. ఈ రెండిట్లో ఏది తీసుకోవాలి అని నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, ప్రతిసారీ ఫోన్‌లో అరగంట పడుతోంది, అందుకే రాసి పెడుతున్నా.

కాగితం మీద చూస్తే అసలు పోటీయే లేదు. డొమినార్ 373 సీసీ, 35 పీఎస్ (ఇంచుమించు హార్స్‌పవరే), లిక్విడ్ కూలింగ్, ఆరు గేర్లు, స్లిప్పర్ క్లచ్ (గేర్ ఒక్కసారిగా తగ్గించినా వెనక చక్రం జారనివ్వనిది), ఎల్ఈడీ హెడ్‌లైట్. హిమాలయన్ 411 సీసీ పెట్టుకుని కూడా 24 చిల్లర హార్స్‌పవరే ఇస్తుంది, ఐదే గేర్లు, మామూలు హాలోజన్ బల్బు. పైగా 35 వేలు ఎక్కువ. ఆఫీసులో అడిగిన ప్రతివాడూ డొమినార్ అనే అన్నాడు.

మరి ఎందుకు తీసుకోలేదంటే, నిజం చెప్తున్నా, మొదటి కారణం ఇంజనూ కాదు సస్పెన్షనూ కాదు, కాగితాలు. అది ఏపీ రిజిస్ట్రేషన్. హైదరాబాద్ తెచ్చుకోవాలంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు, దీనికి తోడు ఆర్‌సీ మీద ఇంకా ఫైనాన్స్ వాళ్ళ పేరు అలాగే ఉంది. లోన్ ఎప్పుడో కట్టేశాడట, పేరు తీయించుకోవడానికి మాత్రం బద్ధకం. ఆ 35 వేల తేడాలో ఎంత మిగులుతుందో లెక్కేసుకుంటే ఉత్సాహం సగానికి పడిపోయింది. బావమరిదికి అదే రాష్ట్రం కాబట్టి ఆ బాధే లేదు, ఫైనాన్స్ పేరు తీయించి, ఫారం 29, 30 సంతకాలు పెట్టించుకుని పని కానిచ్చేశాడు.

డొమినార్ చూడ్డానికి వెళ్ళిన రోజు ఇంకోటి జరిగింది. పొద్దున పదింటికి వస్తానని చెప్పి వెళ్తే, బండి దగ్గర వంగి ఇంజన్ పక్కన చెయ్యి పెట్టేసరికి వేడిగా తగిలింది. మనం రాకముందే స్టార్ట్ చేసి పెట్టాడన్నమాట. చల్లగా ఉన్నప్పుడు స్టార్టింగ్ ట్రబుల్ ఉంటే దాచడానికి ఇలా చేస్తారని నాకు అనుమానం. తర్వాత బావమరిది చెప్పాపెట్టకుండా ఒకరోజు ఆరింటికే వెళ్ళి స్టార్ట్ చేసి చూశాడు, ఒక్క దెబ్బకే అందుకుంది, పాపం ఆయన మంచికే వేడి చేసినట్టున్నాడు. కానీ రేడియేటర్ మూత తీస్తే మాత్రం లోపల తుప్పు రంగు నీళ్ళు. కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్ళు పోశారు. మొత్తం కడిగించి కొత్త కూలెంట్ పోయించాక ఇంతవరకూ ఇబ్బంది పెట్టలేదు. లిక్విడ్ కూల్డ్ బండి పాతది చూసేవాళ్ళు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే ఆ మూత తీయించి చూడండి, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది.

హిమాలయన్‌లో నేను పట్టుకున్న లోపం కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు. దీనికి సెంటర్ స్టాండ్ ఉంటుంది (డొమినార్‌కి లేదు, చైన్ శుభ్రం చేసుకునే ప్రతి ఆదివారం బావమరిది తిట్టుకునేది అందుకే). స్టాండ్ వేసి, వెనక ర్యాక్ మీద ఓనర్‌ని బరువు వేయమంటే ముందు చక్రం గాల్లోకి లేచింది. హ్యాండిల్‌ని ఒక వేలితో మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పాను. సాఫీగా తిరగాలి. ఇదేమో సరిగ్గా మధ్యలోకి రాగానే గాడిలో పడ్డట్టు టక్కున ఆగింది. మళ్ళీ తిప్పా, మళ్ళీ అక్కడే. ఓనర్‌ని పిలిచి ఆయన వేలితోనే తిప్పించాను. ఆయన ఏం మాట్లాడలేదు, నేనూ ఏం మాట్లాడలేదు, ఏడు వేలు తగ్గింది. కోన్‌సెట్ మార్చడానికి నాకు లేబర్‌తో కలిపి రెండు వేల చిల్లర అయింది. ఇలాంటివి ఇంకో రెండు: వెనక చక్రం తిప్పుతూ ఒక్కో స్పోక్‌నీ చిన్న స్పానర్‌తో తట్టండి, టింగ్ మనకుండా డబ్ మన్నది లూజు. ముందు ఫోర్కుల మీద వేలితో రాస్తే నూనె అంటుకుంటే ఆయిల్ సీల్ పోయినట్టే. నంబరు కొట్టి చలాన్లు చూడ్డం సరేసరి, నా బండి మీద ఐదు ఉన్నాయి, అన్నీ హెల్మెట్‌వే.

ఇక నడపడం. రెండిటి స్వభావంలో తేడా ఎక్కడ పుడుతుందంటే పిస్టన్ దగ్గర. హిమాలయన్‌లో పిస్టన్ 86 మిల్లీమీటర్లు పైకీ కిందకీ తిరుగుతుంది, డొమినార్‌లో 60 మాత్రమే, దాని బదులు అది వెడల్పు ఎక్కువ. పొడవు స్ట్రోక్ ఇంజన్ నిదానంగా తిరుగుతూనే బరువు లాగుతుంది, అందుకే హిమాలయన్ తన 32 ఎన్ఎం టార్క్‌ని (లాగే బలం) నాలుగు, నాలుగున్నర వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గరే ఇచ్చేస్తుంది. డొమినార్ 35 ఇస్తుంది గానీ ఆరున్నర వేల దాకా తిప్పాలి. దీని అర్థం ఏంటో మొదటిసారి శ్రీశైలం ఘాట్‌లో తెలిసింది. వెనక మా ఆవిడ, రెండు పక్కలా బ్యాగులు, ముందు ఆర్టీసీ బస్సు. హెయిర్‌పిన్ దగ్గర బస్సు దాదాపు ఆగిపోతే నేను రెండో గేర్‌లోనే ఉండి, క్లచ్ ముట్టుకోకుండా, ట్రాక్టర్ లాగా డుగుడుగుమంటూ దాని వెనకే ఎక్కేశా. వెనక డొమినార్ మీద బావమరిది మొదటి గేర్, రెండో గేర్, మళ్ళీ మొదటి గేర్. పైకొచ్చాక ఎడమ చెయ్యి విదిలించుకుంటూ దిగాడు.

హైవే ఎక్కితే కథ తిరగబడుతుంది. విజయవాడ హైవే మీద సూర్యాపేట దాటాక రోడ్డు ఖాళీగా దొరికితే డొమినార్ వంద మీద కూడా ఊరికే పోతున్నట్టు ఉంటుంది, ఇంకా ఉంది అన్నట్టు. నా బండి 85, 90 దాకా హాయి, ఆ తర్వాత దాని గొంతు మారుతుంది, 100 దగ్గర లారీని దాటాలంటే ముందే ప్లాన్ వేసుకోవాలి. చట్టప్రకారం హైవేల మీద మోటార్‌సైకిల్‌కి 80నే కదా, హైదరాబాద్ ఓఆర్ఆర్ మీదకి టూవీలర్‌ని రానే రానివ్వరు కదా అని నాకు నేను చెప్పుకుంటాను. సగం నిజం. ఓవర్‌టేక్‌లో చేతిలో కాస్త మిగులు ఉండటం వేగం కోసం కాదు, ఎదురుగా వచ్చే బస్సు కోసం.

చీకటి పడితే డొమినార్‌దే పైచేయి, ఆ ఎల్ఈడీ వెలుతురు ముందు నా హాలోజన్ లాంతరే. అదనపు లైట్లు పెట్టించుకున్నాక కాస్త నయం. హిమాలయన్ మీటర్లలో ఒక కంపాస్ కూడా ఉంది, నాలుగేళ్లలో దాన్ని చూసి ఎటూ తిరగలేదు.

రోడ్డు పాడైన చోట మాత్రం ఇక మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. 21 అంగుళాల ముందు చక్రం, ముందు 200 మిల్లీమీటర్ల సస్పెన్షన్, కింద 220 గ్రౌండ్ క్లియరెన్స్. డొమినార్‌కి 157. మా ఊళ్ళ స్పీడ్ బ్రేకర్లు ఎవరు వేస్తారో ఏ కొలతతో వేస్తారో తెలియదు గానీ, ఇద్దరం ఎక్కి సామాను పెడితే డొమినార్ కడుపు రాసుకుపోయిన చప్పుడు చాలాసార్లు విన్నా. సీటు ఎత్తు రెండిటికీ 800 మిల్లీమీటర్లే, నేను ఐదడుగుల ఆరు, రెండిటి మీదా కాళ్ళు సరిగ్గానే ఆనతాయి. బరువు కూడా కాస్త అటూ ఇటూగా ఒకటే, 190 కేజీల దరిదాపు.

హిమాలయన్‌కి ఉన్న అసలు శాపం ట్యూబు. స్పోక్ చక్రాలు కదా, లోపల ట్యూబులే. రెండేళ్ల క్రితం శ్రీశైలం నుంచి తిరిగి వస్తూ వటవర్లపల్లి దాటాక, సాయంత్రం ఐదు గంటలప్పుడు, వెనక చక్రం ఊగడం మొదలైంది. చూస్తే అంగుళం మేకు. అది టైగర్ రిజర్వ్ రోడ్డు, మన్ననూరు గేటు రాత్రి తొమ్మిదికి మూస్తారు, టెన్షన్ మొదలైంది. డొమినార్‌ది ట్యూబ్‌లెస్ టైరు, దానికి ఇదే పని అయితే టైరు విప్పకుండా మేకు దిగిన కన్నంలో రబ్బరు స్ట్రిప్పు దూర్చి, చేతి పంపుతో గాలి కొట్టి పది నిమిషాల్లో కదిలేవాళ్ళం, అదే ట్రిప్‌లో పొద్దున వాడికి అలాగే చేశాం కూడా. నాదేమో చక్రం మొత్తం ఊడదీయాలి. సెంటర్ స్టాండ్ ఉంది కాబట్టి బతికాం. నట్టు విప్పి, చైన్ తప్పించి, చక్రాన్ని బావమరిది సీటు మీద బంగీ తాళ్ళతో కట్టి మన్ననూరుకి పంపించా. గంటన్నర పైనే పట్టింది. ఆ గంటన్నర వెనక చక్రం లేని బండి పక్కన నేనూ, మా ఆవిడా, ట్యాంక్ బ్యాగులో బిస్కెట్లు ఉన్నాయని కనిపెట్టేసిన పదిహేను కోతులు. చీకటి పడుతుండగా వాడు తిరిగొచ్చి హెల్మెట్ కూడా తీయకుండా అన్న మాట: "బావా, ఈసారి నువ్వు నా బండి కొనుక్కో, నేను బస్సులో వస్తా." అప్పట్నుంచి ముందుకొకటి వెనక్కొకటి స్పేర్ ట్యూబులు, రెండు టైర్ లివర్లు, పంపు లేకుండా ఊరు దాటను. 21 అంగుళాల ట్యూబు చిన్న ఊళ్ళో అడిగితే ఎగాదిగా చూస్తారు.

ఖర్చులు. పెట్రోలు హిమాలయన్ లీటరుకి 30 ఇస్తుంది, ట్యాంకు 15 లీటర్లు, అంటే 400 దాకా బంకు వెతుక్కోనక్కర్లేదు. డొమినార్ 27 దగ్గర ఆడుతుంది, ట్యాంకు 13. నేను మార్చినవి: కోన్‌సెట్, చైన్ స్ప్రాకెట్ రెండుసార్లు, క్లచ్ ప్లేట్లు 51 వేల దగ్గర, టైర్లు, బ్యాటరీ. వాడు మార్చినవి: చైన్ స్ప్రాకెట్, ఫోర్క్ సీల్స్, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, రేడియేటర్ గార్డు పెట్టించాడు. వెనక టైరు వాడిది 150 సెక్షన్ (అంటే 150 మిల్లీమీటర్ల వెడల్పు), మార్చినప్పుడు నా దానికంటే డబ్బు గట్టిగానే వదులుతుంది. నాకు పెద్ద దెబ్బ తగిలింది బండి వల్ల కాదు, ఒక మెకానిక్ వల్ల. ఆయిల్ మార్చి డ్రెయిన్ బోల్ట్‌ని బలంకొద్దీ బిగించాడు, మరలు పోయాయి, నాలుగు రోజులకి ఇంటి ముందు ముగ్గు మీద నూనె చుక్కలు. పేరెందుకులే. మళ్ళీ మరలు వేయించుకున్నా, అప్పట్నుంచి ఆయిల్ నేనే మార్చుకుంటా.

ఏ సంవత్సరం బండి అన్నది కూడా చూసుకోండి. హిమాలయన్ 2016లో కార్బ్యురేటర్‌తో (ఇంజన్‌కి పెట్రోలు అందించే పాత పద్ధతి) వచ్చింది, 2017లో బీఎస్4 (పొగ నిబంధనలు) తో దాని బదులు ఇంజెక్షన్ వచ్చింది, ఏబీఎస్ 2018లో, 2020 బీఎస్6లో వెనక ఏబీఎస్ ఆపేసుకునే స్విచ్చు. ఎంత తక్కువకి వచ్చినా నేను కార్బ్యురేటర్ బండి జోలికి పోను. డొమినార్ అయితే 2019 ముఖ్యమైన గీత: అప్పట్నుంచి 40 పీఎస్, ముందు చక్రానికి తలకిందుల ఫోర్కులు. పది, పదిహేను వేలు ఎక్కువైనా దానికే పోవచ్చు. 2021 చివర్నుంచి వచ్చినవాటికి పెద్ద వైజర్, క్యారియర్, హ్యాండ్‌గార్డులు కంపెనీ నుంచే ఉంటాయి. మా ఇద్దరివీ 2018వే, అప్పుడు ఇవన్నీ ఆలోచించలేదు.

మా ఆవిడ తీర్పు ఒక్క ముక్కలో అయిపోయింది, డొమినార్ వెనక సీటు మెట్టు ఎత్తు, ఎక్కి కూర్చుంటే అటక మీద కూర్చున్నట్టుందట. నా బండికి వెనక ర్యాక్ ఉంది, పట్టుకోవడానికి దిట్టంగా ఉంది, నిద్రపోయేంత నమ్మకం. నిజంగానే నిద్రపోతుంది, అది వేరే టెన్షన్.

పోయిన దసరాకి బండ్లు మార్చుకున్నాం, ఒక నెల. నాకు బెంగళూరు వెళ్ళే పని, వాడు స్నేహితులతో మారేడుమిల్లి వైపు అడవి దారులు తిరుగుతానన్నాడు. కర్నూలు హైవే మీద డొమినార్ తీసుకుని వెళ్తుంటే, ఒప్పుకోవాలి, మనసు మారింది. ఆరో గేర్‌లో ఎడమ కాలికి పని లేకుండా లారీలు దాటుకుంటూ, సాయంత్రానికి కూడా ఒళ్ళు నొప్పి లేకుండా బెంగళూరు చేరా. గుత్తి దగ్గర టీ తాగుతూ ఓఎల్ఎక్స్ తెరిచి నా హిమాలయన్‌కి ఎంత వస్తుందో కూడా చూశా. తర్వాతి వారం అదే బండి మీద, వెనక మా ఆవిడతో, అత్తగారి ఊరికి పోయే గ్రావెల్ రోడ్డులో ఆరు కిలోమీటర్లు మొదటి గేర్‌లో పాకాక మళ్ళీ తెరవలేదు. మారేడుమిల్లి నుంచి వాడి ఫోన్: "బావా, గుంత వస్తోందని చెప్పడం కూడా మానేశాడు వెనక కూర్చున్నోడు." అలాగని మార్చుకుందామని మాత్రం అనలేదు. నేనూ అనలేదు.

నెలాఖరుకి గుంటూరులో ఎవరి తాళాలు వాళ్ళకి ఇచ్చేసుకున్నాం. నేను మర్యాదకి డొమినార్ ట్యాంకు ఫుల్ చేయించి ఇచ్చాను. వాడు నా బండిని పెట్రోల్ లైటు వెలుగుతుండగా ఇచ్చాడు, "నీ ట్యాంకు పెద్దది కదా బావా" అన్నాడు.