చలికొండల మొక్క నల్లగొండలో: పెంచాలా, పోయి చూడాలా, మన గుట్ట ఎక్కాలా?

మా గల్లీలో నాలుగిళ్లకు ఒక ఇంట్లో బ్రహ్మకమలం ఉంది. వానాకాలంలో ఒక రాత్రి పూసిందంటే పసుపు కుంకుమ పెట్టి దండం పెడతారు, తెల్లారేసరికి వాట్సాప్ నిండా ఫొటోలే. అది మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్ జాతి మొక్క అంటే ఎవరూ వినరు, నేనూ చెప్పడం మానేశాను. హిమాలయాల బ్రహ్మకమలం వేరు. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం అది, దాదాపు 4 వేల మీటర్ల ఎత్తున రాళ్ల సందుల్లో పూస్తుంది. ఈ తేడా తెలిసిన దగ్గర్నుంచి నాకు చలికొండల మొక్కల పిచ్చి పట్టింది, అందులోనూ లద్దాఖ్ లాంటి ఎండిన కొండల మీద బతికే వాటి పిచ్చి. అవి రాయికి అతుక్కుని దిండులా గుండ్రంగా పెరుగుతాయి, ఒక అడుగు వెడల్పు అవ్వడానికి ఎన్నో పదుల ఏళ్లు పడుతుంది, కొన్నయితే ఒళ్లంతా ఊలు కప్పుకున్నట్టు ఉంటాయి. ఆ నూగు చలిని ఆపుతుంది, పువ్వు దగ్గర కాస్త వేడినీ నిలబెడుతుంది.

మొదట అందరూ అడిగే దాని గురించి. ఇక్కడ పెంచొచ్చా?

నేను పెంచాను, అంటే చంపాను. ఆన్‌లైన్‌లో ఎడెల్‌వైస్ (యూరప్ ఆల్ప్స్ కొండల మీద పూసే తెల్ల నూగు పువ్వు) గింజలు తెప్పించాను, ఆవగింజ కంటే చిన్నవి. ఇలాంటి గింజలకు ఒక చలికాలం గడిచిందని నమ్మకం కలగాలి, లేకపోతే సరిగ్గా మొలవవు, అందుకని తడి ఇసుకలో కలిపి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఆరు వారాలు ఉంచాలి. "ఫ్రిజ్జుల మన్ను పెట్టుడేందిరా, పెరుగు పక్కన?" అని మా అమ్మ రోజూ అనేది. దసరాకు పెట్టి కార్తీకం చివర్లో తీసి, వెలుతురు తగలాలి కాబట్టి మట్టి కప్పకుండా పైపైనే చల్లాను. ఆరు మొలిచాయి. సంక్రాంతికి రూపాయి బిళ్లంత ఆకులు, బూడిద రంగు నూగుతో, చూసిన వాళ్లందరికీ చూపించాను. శివరాత్రికి నాలుగు, ఉగాదికి ఒకటి, అదీ శ్రీరామనవమి చూడలేదు.

ఎండకు పోయాయనుకుని మరుసటి ఏడు గ్రీన్ నెట్ కట్టాను, కూలర్ పక్కన కూడా పెట్టాను. ఇంకా తొందరగా పోయాయి! తప్పు ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. లద్దాఖ్‌లో కూడా పగటి ఎండ మాడుస్తుంది, కానీ పొద్దు గూకగానే చల్లబడుతుంది. మొక్క పగలు ఎండలో తిండి తయారు చేసుకుంటుంది, రాత్రి ఊపిరి తీసుకుంటూ అందులో కొంత ఖర్చు పెడుతుంది, రాత్రి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ ఖర్చు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పన్నెండింటికి కూడా స్లాబు కాలుతూనే ఉంటుంది, పగటి సంపాదన పొద్దున్నకి మిగలదు. పైగా కూలర్ ఇచ్చేది తడిగాలి. లేహ్‌లో ఏడాదంతా కలిపి కురిసేది సుమారు 100 మిల్లీమీటర్లు, మనకు జులైలో ఒక్క గట్టి వానకే అంత పడిపోయిన రోజులున్నాయి. అలాంటి గాలికి పుట్టిన మొక్కను వేడిలో తడిపితే వేర్లు కుళ్లక ఏమవుతాయి.

ఏసీ పెడితే? పెట్టొచ్చు. లండన్ క్యూ గార్డెన్స్‌లో వీటి కోసమే 2006లో ఒక గాజు ఇల్లు తెరిచారు, గాలిని నేల కింద కాంక్రీటు దారుల్లో తిప్పి చల్లబరిచి మొక్కల మీదికి వదులుతారు. చల్లటి ఊళ్లోనే అంత తిప్పలు. పూసిన కుండీలను మాత్రం అందులో పెట్టి, పూత అయిపోగానే వెనక నర్సరీకి తీసుకుపోతారు. మనం ఒక గదికి ఏసీ, ఎల్‌ఈడీ లైట్లు, కరెంటు బిల్లు భరించినా, మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయిందంటే ఏడాది కష్టం పోయినట్టే. నా లెక్కలో ఈ దారి డబ్బున్నోళ్లకీ దండగే.

రెండోది, పోయి చూడడం. దీనికి నా ఓటు గట్టిగానే ఉంది, కానీ ఎక్కడికి అన్నది ముందు తేల్చుకోవాలి. ఉత్తరాఖండ్ పూల లోయ 2005లో యునెస్కో జాబితాలో చేరింది, జూన్ నుంచి అక్టోబర్ దాకా తెరిచి ఉంటుంది, జులై, ఆగస్టుల్లో నిండుగా పూస్తుంది. అసలు బ్రహ్మకమలం చూడాలంటే అదే ట్రిప్‌లో పక్కనున్న హేమకుండ్ కొండ ఎక్కాలి, మోకాళ్లు సహకరించాలి. కానీ అది వానలో తడిసే కొండ. ఎండు కొండల దిండు మొక్కలు కావాలంటే లద్దాఖే, ఆ నెలల్లోనే. విమానంలో నేరుగా 3,500 మీటర్లకు దిగుతాం కాబట్టి మొదటి రెండు రోజులు మంచం దిగకుండా ఉండాలి, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి టికెట్ తీసుకోవాలి. ఒక్క మొక్కా పీకి తేవద్దు, తెచ్చినా ఢిల్లీ ఎండ దాటదు. మన పచారీ కొట్లలో దొరికే చంగల్వ కోష్టు వేరు ఆ కొండల మొక్కదే, తవ్వి తవ్వి అడవిలో అరుదైపోయి 1985 నుంచి అంతర్జాతీయ వ్యాపారంలో అన్నిటికంటే కఠినమైన ఆంక్షల జాబితాలో ఉంది.

మూడోది నేను ఆలస్యంగా చూసింది. రెండో బ్యాచ్ పోయిన ఏడే, ఆషాఢంలో ఒక మిత్రుడితో మా నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కాను, మనసులో ఇంకా ఎడెల్‌వైసే ఉంది. బండ పగులులో పిడికెడు మట్టి కూడా లేదు, అందులో మయూరశిఖ. ఎండాకాలమంతా ముడుచుకుని ఎండుగడ్డిలా ఉండి మొదటి వానకే నెమలి పింఛంలా విచ్చుకుంటుంది. లద్దాఖ్ మొక్క మంచు కింద నిద్రపోతుంది, ఇది మే నెలలో నిద్రపోతుంది. బండ, గాలి, మట్టి లేకపోవడం, రెండింటికీ బతుకు ఒకటే, నిద్రపోయే కాలమే వేరు. ఆ చలినిద్రను నేను ఎన్ని వేలు పెట్టినా కొనలేను, ఈ ఎండనిద్ర మనకు ఊరికే దొరుకుతుంది.

ఇంకొకటి కుందేటి కొమ్ములు. పొలం గట్ల మీద, రాళ్ల కుప్పల్లో నాలుగు పలకల కాడలతో ఉంటుంది, ఆకులు ఉన్నట్టే కనిపించవు, గొర్ల కాపరులు దప్పికైతే నమిలేవాళ్లు. దీని శాస్త్రీయ నామం కారల్లూమా, మన తెలుగు 'కారల్లం' నుంచే వచ్చింది. మొక్కల శాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1795లో మనవాళ్లు పిలిచే పేరు రాసుకున్నాడు, 1810లో ఇంకో శాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ దాన్నే జాతి పేరు చేశాడు. మన మాట లండన్ పుస్తకాల్లో ఉంది, మనం మాత్రం ఆన్‌లైన్‌లో స్విట్జర్లాండ్ గింజలు వెతుకుతున్నాం!

పెంచడానికి చలికొండల వాళ్ల పద్ధతే వాడండి, అది మాత్రం పనికొస్తుంది. ఇంగ్లండ్‌లో పాత రాతి తొట్లలో ఈ మొక్కలు పెడతారు, మనకు పశువుల కుడితి తొట్టి పనికొస్తుంది, అడుగున బెజ్జం కొట్టించాలి. చెక్ దేశం వాళ్లు పలక రాళ్లను నిలువుగా, దగ్గర దగ్గరగా పాతి ఆ సందుల్లో నాటుతారు, వేరు లోతుకు పోతుంది, నీళ్లు నిలవవు. నేను షాబాదు బండ ముక్కలు అలాగే పాతాను. మొరం, దొడ్డు ఇసుక కలిపి మూడు పాళ్లు, చల్క మట్టి ఒక పాలు, ఎరువు అసలు వద్దు. కుందేటి కొమ్ము కాడ ఒకటి కోసి (పొలం వాళ్లను అడిగి, అమ్రాబాద్ అడవిలో మాత్రం ముట్టుకోవద్దు) నాలుగైదు రోజులు నీడలో గాయం ఆరనిచ్చి గుచ్చితే చాలు. బోరు నీళ్లు పోస్తే రాళ్ల మీద తెల్ల పొర కడుతుంది, నేను వాన నీళ్లే పట్టి పోస్తున్నాను.

ఒక్క లోపం చెప్పాలి. గుత్తులుగా పూసే రకం తెచ్చుకుంటే పువ్వు చూడడానికి బాగుంటుంది కానీ ఈగల కోసం పూసే పువ్వు అది, కుళ్లిన వాసన. మా అమ్మ ఫ్రిజ్ మన్నే నయమంటోంది.

ఆ ఫ్రిజ్‌లో వెనక మూల ఎడెల్‌వైస్ గింజలు ఇంకో పది పన్నెండు ఉన్నాయి. పైన రాసిందంతా నేనే రాశాను, అయినా ఈ కార్తీకానికి వాటినీ చల్లుతాను.