సునామీ భయం: హెచ్చరిక కోసం చూడాలా, సముద్రాన్ని చూడాలా? ఏది మేలు?

సెలవులకో, కార్తీక పౌర్ణమి స్నానానికో కాజీపేటలో రైలెక్కి బాపట్ల దగ్గరి సూర్యలంకకు వెళ్లే కుటుంబాలు వరంగల్‌లో చాలానే ఉన్నాయి. చెరువు మత్తడి పోస్తే ఏ దారి మునుగుతుందో చెప్పగలిగే మనకు సముద్రం పోకడ మాత్రం అంతగా తెలియదు. కిందటి చలికాలం ఆ ఇసుకలో కూర్చున్నప్పుడు మా అక్క కొడుకు, "మామా, సునామీ వస్తే ముందుగాల నీళ్లు ఎనక్కి పోతయట, అది చూసి ఉరుకుదాం" అన్నాడు. చాలామందికి ఉన్న నమ్మకమే ఇది.

నీరు వెనక్కి పోవడం నిజమైన గుర్తే కాని, ప్రతిసారీ కనిపించే గుర్తు కాదు. 2004 డిసెంబరు 26న ఇండోనేసియాలోని సుమత్రా దీవి దగ్గర సముద్రగర్భం పడమటి వైపు పైకి లేచి, తూర్పు వైపు కుంగింది. అందువల్ల థాయిలాండ్ తీరంలో మొదట నీరు తగ్గగా, మన వైపు మొదట ఉబ్బే వచ్చింది. నీరు ఎప్పుడు వెనక్కి పోతుందా అని చూస్తూ నిలబడినవాడికి ఆ రోజు మన తీరంలో మొదటి అలే ఎదురై ఉండేది. సుమత్రాకు ఆనుకొని ఉన్న సిమెలూ దీవివాసులు 1907 నాటి సునామీని తరతరాలుగా చెప్పుకొంటూ రావడం వల్ల 2004లో నేల గట్టిగా కంపించగానే కొండలెక్కారు. సుమారు 78 వేల మందిలో చనిపోయింది ఏడుగురే. వారి కాళ్ల కిందే భూమి ఊగింది కాబట్టి వేరే హెచ్చరిక అక్కర్లేకపోయింది. సుమారు రెండు వేల కిలోమీటర్ల అవతల ఉన్న మనకు ఆ ప్రకంపన అసలు తెలియకనే పోవచ్చు.

ఆ దూరమే మనకు గడువు కూడా ఇస్తుంది. ఆ రోజు ఉదయం ఆరున్నరకు భూమి కంపిస్తే, అల మన తూర్పు తీరానికి చేరడానికి ఇంచుమించు రెండున్నర గంటలు పట్టింది. అంత సమయం ఉండీ చెప్పే వ్యవస్థ లేక తమిళనాడు, ఆంధ్ర తీరాల్లో వేలమంది పోయారు. 2007 అక్టోబరు నుంచి హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) ఈ పని చూస్తోంది. భూకంపం వచ్చిన పది నిమిషాలకు అటూ ఇటుగా తొలి సమాచారం పంపి, సముద్రం అడుగున పీడనాన్ని కొలిచే పరికరాలతో అల నిజంగా పుట్టిందో లేదో సరిచూస్తుంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గరే 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినా, సముద్రగర్భం పక్కకు జరిగిందే తప్ప పైకి లేవలేదు. పెద్ద అల పుట్టలేదు. ఈ తేడా ఒడ్డున నిలబడిన మనిషి కంటికి అందదు. కాబట్టి ఆంధ్ర తీరం వరకు నా ఓటు హెచ్చరికకే. అండమాన్, నికోబార్‌లలో నిమిషాల వ్యవధే ఉంటుంది కనుక అక్కడ నేల ఊగితే ఫోను చూడకుండా పరుగెత్తడమే మేలు. 2018 డిసెంబరులో ఇండోనేసియాలోనే అనక్ క్రకటోవా అగ్నిపర్వతం పార్శ్వం కూలి లేచిన అలకైతే ముందు భూకంపమే లేదు.

తరవాతి ప్రశ్న, దూరం పోవాలా, పైకెక్కాలా అన్నది. గంటన్నర గడువుంటే దూరం పోవడమే మంచిది. కాని సూర్యలంక నుంచి బాపట్ల దాకా నేల బల్లపరుపు. సెలవు రోజున ఆ రోడ్డు మీద బండ్లు ఎలా నిలిచిపోతాయో వెళ్లినవారికి తెలుసు. గడువు తక్కువైతే గట్టి కాంక్రీటు భవనం మూడో అంతస్తో, ఆపైదో నయం. 2023 జులైలో మోరంచవాగు పొంగినప్పుడు మోరంచపల్లి వాసులు డాబాలెక్కే ప్రాణాలు దక్కించుకొన్నారు. అయితే వాగు నీటికి చాలిన ఎత్తు సముద్రానికి చాలకపోవచ్చు: 2011లో జపాన్‌లోని మినామిసాన్‌రికు పట్టణంలో మూడంతస్తుల విపత్తు నిర్వహణ భవనాన్నే అల ముంచెత్తి, పైకప్పు మీది వారిలో చాలామందిని పట్టుకుపోయింది.

మేం దిగిన లాడ్జి నాలుగంతస్తులది కాబట్టి, ఈ లెక్కన ఫరవాలేదనుకొని సాయంత్రం మెట్లెక్కి చూశాను. డాబా తలుపుకు తాళం ఉంది. కింద అడిగితే, తాళంచెవి మేనేజరు దగ్గర ఉందని, ఆయన బాపట్ల వెళ్లారని చెప్పారు.