కోనసీమలో 5జీ హోమ్ నెట్: డౌన్‌లోడ్ సరే, అప్‌లోడ్ మాటేమిటి?

అమలాపురం దగ్గర పల్లెలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి పంపడం నా పని. మా వీధికి ఫైబర్ ఇంకా రాలేదు. అందుకే డాబా మీద డబ్బా బిగించే 5జీ నెట్ తీసుకున్నాను, 2023లో జియో, ఎయిర్‌టెల్ ఎయిర్‌ఫైబర్ పేరుతో మొదలుపెట్టిన రకం. ఏడాదికి పైగా వాడాక గట్టిగా చెప్పగలిగింది ఒకటే: అప్‌లోడ్‌ను తేల్చేది ప్లాన్ కన్నా ఆ డబ్బా ఎక్కడుంది, ఎటు చూస్తోంది అన్నదే.

డౌన్‌లోడ్‌కి వంక పెట్టలేను. అప్‌లోడ్ మాత్రం 4 ఎంబీపీఎస్ దాటేది కాదు. ఆ వేగంతో 10 జీబీ ఫైలు వెళ్లాలంటే ఐదున్నర గంటలు. అవతల పెళ్లివారు ఫోన్ మీద ఫోన్, ఇవతల నాకు టెన్షన్. కస్టమర్ కేర్‌కి చెబితే ఎప్పుడూ రీస్టార్ట్ చేయమనేవారు.

అసలు కారణం వేరు. టవర్ పదుల వాట్లతో పంపుతుంది, మన డబ్బా మామూలుగా 0.2 వాట్‌తో జవాబివ్వాలి. పైగా 5జీకి ఎక్కువగా వాడే 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో రావడానికీ పోవడానికీ ఒకటే దారి, వంతులు వేసుకోవాలి. ఎక్కువ వంతులు డౌన్‌లోడ్‌కే ఇస్తారు. మధ్యలో కొబ్బరి తోట అడ్డుంటే ఆ కాస్త బలమూ మట్టల్లోనే పోతుంది. వాన పడి ఆకు తడిస్తే మరీనూ.

బిగించడానికి వచ్చినవాళ్లు కేబుల్ కలిసొస్తుందని సన్‌షేడ్ కింద, తోటకేసి పెట్టి వెళ్లారు. దగ్గరి టవర్ అటే ఉంది మరి. రౌటర్ సెట్టింగ్స్ పేజీలో చూస్తే ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మేలు) -108, ఎస్‌ఐఎన్‌ఆర్ (రొద కన్నా సిగ్నల్ ఎంత పైనుందో చెప్పే అంకె, ఎక్కువైతే మేలు) 4. మెట్ల గది గోడకి జీఐ పైపు క్లాంపులతో బిగించి, డబ్బాని దాని మీదకెక్కించాం. మా తమ్ముడు పైన కొంచెం కొంచెం తిప్పుతుంటే నేను కింద అంకెలు చదివాను. తిప్పిన ప్రతిసారీ అంకె కుదురుకునేదాకా ఆగాలి. చివరికి కుదిరింది దగ్గరి టవర్ కాదు, కాలవ అవతల వరిచేల మీదుగా కనిపించే దూరపు టవర్! ఆర్‌ఎస్‌ఆర్‌పీ -93కి, ఎస్‌ఐఎన్‌ఆర్ 15కి వచ్చాయి. అప్‌లోడ్ 16 దాకా పెరిగింది. అదే 10 జీబీ ఇప్పుడు గంటన్నర లోపే వెళ్తోంది.

ఇంట్లో సంగతులు చిన్నవే గానీ వదిలేయకండి. వైఫై వదిలి ల్యాన్ కేబుల్ పెట్టాను. సీసీ కెమెరా క్లౌడ్‌కి పంపే వీడియో, ఫోన్లలో ఫొటోల బ్యాకప్ చడీచప్పుడు లేకుండా అప్‌లోడ్ తినేస్తాయి. బ్యాకప్ రాత్రికి మార్చాం. ఇంకోటి, అప్‌లోడ్ నిండిపోతే డౌన్‌లోడ్ కూడా నత్తనడకే, వీడియో కాల్ ముక్కలు ముక్కలవుతుంది. అందుకే డ్రైవ్ యాప్‌లో అప్‌లోడ్ పరిమితి కాస్త తగ్గించి పెట్టాను. పెద్ద ఫైళ్లు తెల్లవారుజామున పంపుతాను, అప్పుడు టవర్ మీద జనం తక్కువ.

గాలివాన రోజుల్లో వేగం ఇప్పటికీ పడుతుంది. ఫైబర్ వస్తే మర్నాడే మారతాను, అందులో సందేహం లేదు. అందాకా ఇది నా పనికి చాలు. కొత్తగా తీసుకునేవాళ్లు బిగించేవాళ్లను డాబా పైకి తీసుకెళ్లి, నాలుగు దిక్కులా అప్‌లోడ్ టెస్ట్ చేయించాకే గోడకి రంధ్రం వేయనివ్వండి.