ఖిలాషాపూర్ ఒక్కరోజు ట్రిప్: పాటకు ఐదు చుక్కలు, చరిత్రకు రెండు

మూడొందల ఏండ్ల కింద మొగలుల మీద తిరగబడ్డ గౌడన్న సర్వాయి పాపన్న. ఖిలాషాపూర్‌ల ఆయన కోట చూపెట్టనీకి హన్మకొండల ఒకాయన కారు, గైడు కలిపి ట్రిప్పు నడుపుతుండు. నలుగురికి 4,200. పోయిన ఆదివారం పోయొచ్చినం.

మా మేనల్లుడు స్కాట్లాండ్‌ల సదువుకొని వచ్చిండు. ఆడ మాక్‌ఫెర్సన్ అనే దొంగ మీద పాట ఇంకా పాడతరట. ఉరి ఎక్కే ముంగట ఫిడేలు వాయించి విరగ్గొట్టిండని, క్షమాభిక్ష వచ్చేలోపే ఊరి గడియారం ముందుకు తిప్పిన్రని చెప్పుకుంటరట. "1700ల బాన్ఫ్ ఊళ్లె ఉరితీసింది నిజం మామా, కోర్టు కాయితాలున్నయి. గడియారం ముచ్చటే కథ" అన్నడు. గసొంటోడు మనకూ ఉండు, పా అని నేనే తోలుకపోయిన.

గైడు పిల్లగానికి గొంతు మస్తుంది. పాపన్న పాటల, కులవృత్తి కల్లుగీత చేసుకో బిడ్డా అని తల్లి సర్వమ్మ అంటే, గోల్కొండ మీదికే పోత అని పాపన్న ఎదురు చెప్పే కాడ, కోట బురుజు కింద నిలబడి ఎత్తుకున్నడు. మేకలు కాసే ముసలాయన గూడ ఆగి తలూపిండు. గా పది నిమిషాలకే పైసలు ముట్టినయి.

ఇగ లోటు చెప్త. 1708ల మొహర్రం దినాలల్ల పాపన్న మనుషులు తాళ్లేసి వరంగల్ కోటగోడ ఎక్కి, నగరమంతా దోచిన్రు. కల్లుకు తాళ్లెక్కేటోళ్లకు తాళ్లతోని గోడెక్కుడు ఒక లెక్కనా! గిది మా ఊరి ముచ్చట. అయినా ట్రిప్పుల మా కోట లేనే లేదు, కారు సీదా కాజీపేట మీదికెళ్లి పోయింది. మొగలుల కాలం ఖాఫీ ఖాన్ ఫారసీల రాసిన చరిత్రల పాపన్న దోపిడీదొంగనే, గది గూడ చెప్పు తమ్మీ అంటే "జనం దానికి రారు సార్" అన్నడు. చెప్పి చూసినవా?

తిండి గురించి ఏం చెప్పాలె, సల్లారిన పులిహోర.

వచ్చేటప్పుడు రఘునాథపల్లి దాటినంక డ్రైవరన్న తాటివనం కాడ ఆపిండు. ట్రిప్పుల లేదిది. ఆయన గౌడే, వాళ్ల నాయిన తాడెక్కే మోకు, గీత సామాన్ల ముస్తాదు ఇప్పటికీ ఇంట్ల దూలానికి వేలాడుతున్నయట. మేనల్లుడు తాటాకు రేక పట్టి తాగుడు రాక సగం కల్లు అంగి మీదనే పోసుకున్నడు. నేను మాటల మాటగ అన్న: 1710ల దెబ్బ తగిలిన పాపన్న హసనాబాద్ చేరితే, పట్టిచ్చింది ఒక కల్లుగీసేటాయనే అని పాత రాతలల్ల ఉన్నది, తల ఢిల్లీ బాదుషాకు పంపిన్రు అని.

డ్రైవరన్న చేతిల రేక దించిండు. శానాసేపు ఏమనలె.

"మా నాయిన పాడే పాటల గిది లేదు సార్" అన్నడు. కల్లు లొట్టి అందుకొని మళ్ల పోసిండు.

బుక్ చేస్తే గీ డ్రైవరన్ననే కావాలని అడగున్రి. టోపీ, నీళ్లు మీరే తెచ్చుకోన్రి, కోట మీద నీడ లేదు.