తుపాను కన్నులో చలి ఎక్కడిది? ‘ద డే ఆఫ్టర్ టుమారో’ చిత్ర సమీక్ష

2004లో రోలండ్ ఎమెరిక్ దర్శకత్వంలో వచ్చిన ‘ద డే ఆఫ్టర్ టుమారో’ను ఈ మధ్య బరంపురంలోని మా ఇంట్లో, గోపాలపురం నుంచి వచ్చిన మామయ్య, అత్తయ్యలతో కలిసి మళ్లీ చూశాను. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మామయ్య అక్కడే తన డాబా ఇంట్లో ఉన్నారు. తుపాను నేపథ్యంగా తీసిన చిత్రాన్ని అటువంటి మనిషి పక్కన కూర్చుని చూస్తే, శాస్త్రవేత్తలు పట్టుకునే తప్పులకంటే ముందే కొన్ని బయటపడతాయి.

అట్లాంటిక్ మహాసముద్రంలో ఉత్తరానికి వేడిని మోసుకుపోయే ప్రవాహం ఆగిపోగా, కొద్ది రోజుల్లోనే కెనడా, స్కాట్లాండ్, సైబీరియాల మీద మూడు మహా తుపానులు లేవడం, ఉత్తరార్ధగోళం మంచుయుగంలోకి జారిపోవడం ఇందులోని కథ. ఆ ప్రవాహం బలహీనపడవచ్చన్న భయం నిజమైనదే. కానీ అందుకు దశాబ్దాలు పట్టాలి గాని, వారం చాలదు. రెండు గంటల్లో కథ ముగించాలి కనుక ఆ తొందరను క్షమించవచ్చు. ఢిల్లీలో మంచు కురిసే దృశ్యాన్ని చాలామంది ఎగతాళి చేస్తారు గాని, వాతావరణం గాడి తప్పిందని చెప్పడానికే దాన్ని పెట్టారు కాబట్టి నేను దాన్ని తప్పుగా లెక్కించను.

క్షమించలేనిది తుపాను కన్ను, అంటే సుడి నడిమధ్యన గాలి నెమ్మదించే చోటు. ఈ చిత్రంలో ప్రాణాలు తీసేది ఆ కన్నే: పైనుంచి అతిశీతల గాలి అందులోంచి నేలకు దూకి, తాకినదాన్నల్లా క్షణాల్లో గడ్డకట్టిస్తుంది. ఆ దృశ్యం రాగానే మామయ్య, “కన్ను వచ్చినప్పుడు చలెక్కడిదిరా? గాలి ఠక్కున ఆగి ఉక్కపోసింది మాకు. ఆగింది కదా అని వీధిలోకి వెళ్లబోతుంటే, మళ్లీ అటువైపు నుంచి కొడుతుందని మీ అత్త చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది” అన్నారు. అత్తయ్య చెప్పినట్టే, అంతవరకు ఈశాన్యం నుంచి కొట్టిన గాలి తరువాత నైరుతి నుంచి విరుచుకుపడిందట. మన బంగాళాఖాతపు తుపానులకు కన్ను వెచ్చగా ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ చుట్టూ ఉన్న గాలికంటే అది మరింత వెచ్చన. పైగా ఆ తుపానులు వెచ్చని సముద్రపు నీటి ఆవిరితో బతికేవి గనుక, నేల మీదికి రాగానే నీరసిస్తాయి. ఒడియా వార్తల్లో బాత్యా (తుపాను) తీరం దాటిందన్న మాట విన్నాక ఊపిరి పీల్చుకోవడానికి కారణం అదే. చిత్రంలోని తుపానులు మాత్రం నేల మీదే పుష్టిగా పెరుగుతాయి.

విచిత్రమేమిటంటే, కిందికి దిగే గాలి వేడెక్కాలి కదా అని చిత్రంలోనే ఒక పాత్ర అడుగుతుంది. వేడెక్కాలి గాని, మరీ వేగంగా దిగుతున్నందువల్ల వేడెక్కడం లేదన్నది దానికి వచ్చే జవాబు. సరైన ప్రశ్నకు తిరగేసిన జవాబు ఇది. సైకిలు ట్యూబుకు గాలి కొట్టినవారికి తెలుసు, ఎంత వేగంగా కొడితే పంపు అడుగుభాగం అంత చురుక్కుమంటుంది. పొడిగాలి ఒక కిలోమీటరు దిగితే, ఒత్తిడి పెరిగినందువల్లనే సుమారు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోవడానికి వ్యవధి లేనంత వేగంగా దిగితే ఈ లెక్క ఇంకా కచ్చితంగా కుదురుతుంది. 10 కిలోమీటర్ల ఎత్తున సున్నాకు 50 డిగ్రీల దిగువనున్న గాలి ఆ లెక్కన నేలకు చేరితే, న్యూయార్క్‌లో మంచుకు బదులు, ఎండలకు పేరుపడ్డ మన ఒడిశా టిట్లాగఢ్ వేసవి కనిపించాలి.

స్కాట్లాండ్‌లో హెలికాప్టర్లు కూలడానికి ఇంధనం గడ్డకట్టడం కారణమంటూ, అందుకు మైనస్ 150 ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 101 సెల్సియస్ కావాలంటారు. అంటార్కిటికాలోని వోస్తోక్ కేంద్రంలో 1983లో నమోదైన మైనస్ 89.2 డిగ్రీలకంటే అది తక్కువ. నిజానికి సాధారణ విమాన ఇంధనమైన జెట్ ఏ-1కు మైనస్ 47 డిగ్రీలే గడ్డకట్టే హద్దు. ఇంధనం లక్షణాల పట్టికను ఒక్కసారి తిరగేస్తే దొరికే సంఖ్య ఇది.

ఇక చిత్రం తన మాట తానే మరిచిపోయిన చోట్లున్నాయి. ఉప్పెన నీరు గోడలా లేచి న్యూయార్క్ మీద పడుతుంది. నిజమైన ఉప్పెన గాలి తోపుడుకు గంటలపాటు ఉబ్బుతూ లోపలికి వస్తుంది. ఆ నీటిలోనే సముద్రంలో తిరిగే సరుకు ఓడ, కథలోని కొందరు తలదాచుకున్న గ్రంథాలయం పక్క వీధిలోకి తేలుతూ వస్తుంది గాని, అంత ఓడ మునిగి తేలే లోతు ఉంటే గ్రంథాలయం ఎంతవరకు మునగాలో ఎవరూ లెక్క చూసినట్టు లేదు. హెలికాప్టరులోని మనిషిని క్షణంలో కొయ్యబార్చిన చలి, అదే గ్రంథాలయంలో ఒక తలుపు, ఒక పొయ్యి ముందు ఆగిపోతుంది. ఆ పొయ్యిలో వేసేవి పుస్తకాలు. చుట్టూ కొయ్యబల్లలు, కుర్చీలు నిక్షేపంలా ఉండగా పుస్తకాలు తగలబెట్టడం చూసి, అంతవరకు కిమ్మనని అత్తయ్య, “ముందు ఆ కుర్చీలు విరగ్గొట్టరేం?” అన్నది.

గ్రాఫిక్స్ ఇరవై ఏళ్ల తరువాత కూడా నిలబడ్డాయి, ముఖ్యంగా నీరు వీధుల్లోకి దూసుకొచ్చే ఘట్టం. తండ్రీకొడుకుల కథ సాదాసీదాది. పిల్లలతో చూడవచ్చు; కన్ను దృశ్యం దగ్గర ఆపి, ఒక సైకిలు పంపు వాళ్ల చేతికిస్తే మిగతాది వాళ్లే చెబుతారు. నేను ఐదుకు రెండున్నర ఇస్తాను. మామయ్య ఒకటి ఇచ్చారు, అదీ ఓడ కోసం.