పట్టాలు పోయిన ఊళ్లో రెండు రోజులు

ఐర్లండ్‌లో మేముండే డబ్లిన్‌కి చుట్టాలు ఎవరొచ్చినా సముద్రం ఒడ్డునున్న మోహర్ కొండలకి తీసుకెళ్లి, ఆ గాలికి వణికించి తీసుకొస్తాం. ఈసారి మా అబ్బాయి టెలిస్కోపు పిచ్చి పుణ్యమా అని సముద్రం ఊసే లేని ఆఫలీ కౌంటీలో, బిర్ అనే చిన్న ఊరికి వెళ్లాం.

వాడు చూడాలన్న టెలిస్కోపు బిర్ కోట తోటలో ఉంది. రెండు పెద్ద రాతిగోడల మధ్య ఫిరంగిలా పడుకున్న గొట్టం. మూడో రాస్ ప్రభువు 1845లో కట్టించాడు. అందులోని ఆరడుగుల అద్దం అంటే గాజు అనుకున్నా, కాదు. రాగి, తగరం కలిపి పోతపోసిన లోహం. 1917 దాకా ప్రపంచంలో దీన్ని మించినది లేదు. ఒక గెలాక్సీ సుడి తిరిగి ఉంటుందని మొదట కనిపెట్టింది దీంతోనే. ఇంత మబ్బు పట్టే ఊళ్లో దాన్ని ఎందుకు పెట్టాడా అని నా అనుమానం. మేమున్న రాత్రి ఒక్క చుక్క కనబడలేదు. కోటలో ఆ కుటుంబం ఇప్పటికీ కాపురముంటోంది కాబట్టి టికెట్ ముఖ్యంగా తోట కోసమే అనుకోండి. పిల్లలుంటే సగం రోజు ఇట్టే గడిచిపోతుంది.

బస ఒక బి అండ్ బిలో, అంటే గదీ, పొద్దున టిఫినూ ఇచ్చే ఇంట్లో. గది చిన్నదే, మెట్లు కిర్రుమంటాయి, కానీ శుభ్రం. పొద్దున టిఫిన్‌లో బ్లాక్ పుడ్డింగ్ పెడతారు, పేరు చూసి తీపి అనుకునేరు, అది పంది రక్తంతో చేసేది! ముందే చెబితే ఇంటావిడ పుట్టగొడుగులు, గుడ్లు వేసిచ్చింది. శాకాహారులకి బయట మాత్రం కష్టమే. రెండు పూటలా సూపు, బ్రౌన్ బ్రెడ్‌తో సరిపెట్టుకున్నాం. బ్రెడ్ మాత్రం అద్భుతం.

సాయంత్రం వీధుల్లో పిల్లలంతా హర్లింగ్ (కర్రతో బంతిని కొట్టే ఐరిష్ ఆట) కర్రలు భుజాన వేసుకుని తిరుగుతుంటారు. మొట్టమొదటి ఆల్ ఐర్లండ్ హర్లింగ్ ఫైనల్ 1888లో జరిగింది ఇక్కడేనట. ఊరి బయట నడుస్తుంటే ఎదురొచ్చే కారు డ్రైవర్లు స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తి పలకరిస్తారు. మొదట ఏదో తప్పు చేశామేమో అని కంగారు పడ్డాం. రెండో రోజుకి మేమూ ఎత్తాం.

ఇబ్బంది అంతా ప్రయాణంలోనే. ఊరికి రైలు లేదు, 1963లోనే ఆగిపోయింది. ఆదివారం బస్సులు తక్కువ, మాది నలభై నిమిషాలు ఆలస్యం. కారుంటే కారులోనే వెళ్లండి. స్టాపులో టెన్షన్ పడుతుంటే ఒక పెద్దాయన కబుర్లలో పెట్టాడు. 1868లో ఇక్కణ్నుంచి పోర్టమ్నా వైపు ఇంకో రైలు మార్గం ఉండేదట. నష్టాలొచ్చి పదేళ్లకి మూసేస్తే, పట్టాలతో సహా జనమే ఊడదీసుకుపోయారట. ‘దొంగిలించిన రైల్వే’ అనే పేరే మిగిలింది.

"మీ బస్సు వస్తుందిలెండి," అన్నాడాయన. "దాన్ని ఇంకా ఎవరూ ఎత్తుకుపోలేదు."